ఒక పాఠం, ఏడుగురు ఉపాధ్యాయులు: విశాఖలో ఇంగ్లీషు టీచర్ల వర్క్‌షాప్‌ను జపాన్ పద్ధతిలో జరుపుకోవడం ఎలా

విశాఖపట్నం పరిసరాల్లో ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులు కొత్త కాదు. ఒకరి తరగతి గదిలోకి మరొకరు వెళ్లి, గోడ పక్కన నిలబడి, పిల్లలు ఏం చేస్తున్నారో పీరియడ్ మొత్తం చూసే అవకాశం మాత్రం మన ఉద్యోగ జీవితంలో చాలా అరుదుగా వస్తుంది. వచ్చినప్పుడు కూడా అది సాధారణంగా తనిఖీ రూపంలోనే వస్తుంది కాబట్టి, చూసేవారికీ చూపించేవారికీ అందులో నేర్చుకునే తీరిక ఉండదు. ఆ అవకాశాన్ని మనమే కల్పించుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను. ఆరుగురు నుంచి ఎనిమిది మంది ఉపాధ్యాయులు, ఒక హైస్కూలు, రెండు సెక్షన్లు, నెలన్నర వ్యవధి ఉంటే ఇది చక్కగా సాగుతుంది.

కొన్నేళ్ల కిందట నేను, మరో ఇద్దరు మిత్రులు కలిసి ఒక రోజు వర్క్‌షాప్ ఏర్పాటు చేశాం. గాజువాక నుంచి ఆనందపురం దాకా యాభై మందికి పైగా వచ్చారు. వక్త మంచి పండితులు, ఉదయం మూడు గంటలు మాట్లాడారు, మధ్యాహ్నం భోజనాలయ్యాక స్లైడ్లు చూపించారు, సాయంత్రం సర్టిఫికెట్లు పంచాం. రెండు వారాల తరువాత ఒక సహోపాధ్యాయిని కలిసినప్పుడు తరగతిలో ఏమైనా ప్రయత్నించారా అని అడిగితే, ఆవిడ కాసేపు ఆలోచించి, "లేదు మాస్టారూ, బాగానే చెప్పారు కానీ, నా సెవెన్త్ బి సెక్షన్‌లో అది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు" అన్నారు. ఆ మాటలోని నిజాయితీ నన్ను చాలాకాలం వదలలేదు. మేము ఆ రోజంతా పద్ధతుల గురించి మాట్లాడామే తప్ప, ఒక్క తరగతి గదినీ, ఒక్క పిల్లవాడి నోట్‌బుక్‌నూ చూడలేదు.

జపాన్ వైపు చూడవలసిన అవసరం అక్కడే నాకు కనిపించింది. ఆ దేశపు ఉపాధ్యాయులు 19వ శతాబ్దం చివరి దశకాల నుంచి 'జుగ్యో కెంక్యూ' అనే పద్ధతిని పాటిస్తున్నారు. 'జుగ్యో' అంటే పాఠబోధన, 'కెంక్యూ' అంటే అధ్యయనం లేక పరిశోధన. కొందరు ఉపాధ్యాయులు కలిసి ఒక పాఠాన్ని తయారు చేస్తారు, వారిలో ఒకరు నిజమైన పిల్లలకు దాన్ని చెబుతారు, మిగిలినవారు చూస్తారు, అదే రోజు అందరూ కూర్చుని చర్చిస్తారు. దాదాపు శతాబ్దం పాటు ఇది ఆ దేశంలోని బడుల మామూలు వ్యవహారంగానే ఉండిపోయింది. 1990ల చివర అమెరికన్ పరిశోధకులు గణిత బోధనను దేశాలవారీగా పోల్చి రాసిన తరువాతే బయటి ప్రపంచం దీన్ని విస్తృతంగా గమనించింది.

ఇంగ్లీషు టీచర్లుగా మనకు జపాన్ అనుభవం పనికి రావడానికి ఇంకో బలమైన కారణం ఉంది, అది భాషల పోలిక. "నేను బడికి వెళ్తాను" అనే మన వాక్యాన్ని వాళ్లు "వాతాషి వా గక్కో నీ ఇకిమాసు" అంటారు. బడి ముందు, 'కి' అనే ప్రత్యయం దాని వెనక, క్రియ చివర. వరుస అచ్చం మనదే. ఇంగ్లీషులోని 'ఎ', 'ద' లాంటి మాటలు మనకూ లేవు, వాళ్లకూ లేవు. మనది అజంత భాష కాబట్టి బస్సు, బ్యాంకు, డెస్కు అని చివర అచ్చు చేర్చి పలుకుతాం. జపనీస్‌లోనూ మాటలు దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి కనుక వాళ్లకు బస్సు 'బాసు', పాలు అనే అర్థంలో మిల్క్ 'మిరుకు' అవుతుంది. ఇంగ్లీషులో ఒకే ఊపులో పలికే 'స్ట్రైక్' అనే మాట జపాన్ పిల్లల నోట 'సు-తో-రా-ఇ-కు' అని అయిదు ఊపులవుతుంది. మన పిల్లల నోట 'స్ట్రై-కు' అని రెండవుతుంది. ఇంగ్లండులోనో అమెరికాలోనో తయారైన శిక్షణ పుస్తకం ఈ ఇబ్బందిని ఊహించకపోవచ్చు, జపాన్ ఉపాధ్యాయుడికి మాత్రం అది రోజూ ఎదురయ్యే విషయమే.

ఇక పనిలోకి వద్దాం. మొదట చేయవలసింది ఒక చిన్న ప్రశ్నను ఎంచుకోవడం. 'పిల్లల భాషా నైపుణ్యాలను పెంపొందించడం' అనేది ప్రశ్న కాదు, దాన్ని ఒక పీరియడ్‌లో ఎవరూ చూడలేరు. 'ఏడో తరగతి పిల్లలు నిన్నటి సంగతి గురించి పక్కవారిని తమంతట తాము ప్రశ్న అడగగలుగుతున్నారా' అనేది చూడదగిన ప్రశ్న. బృందంలో ప్రతి ఒక్కరూ తమ తరగతి నుంచి మూడు నాలుగు నోట్‌బుక్‌లు తెచ్చి బల్ల మీద పరిస్తే, ప్రశ్న దానంతట అదే బయటపడుతుంది. మా బృందానికి అలా దొరికిందే "డిడ్ యూ వెంట్" అనే తప్పు. ప్రభుత్వ బడి నోట్‌బుక్కుల్లోనూ అదే ఉంది, ప్రైవేటు బడి నోట్‌బుక్కుల్లోనూ అదే ఉంది.

బృందాన్ని కూర్చుకునేటప్పుడు హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్లతో పాటు ప్రాథమిక పాఠశాలలో చెప్పే ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) ఒకరిని తప్పక చేర్చుకోండి, ఎందుకంటే తప్పు పుట్టే చోటు వారికే తెలుస్తుంది. నా అభిప్రాయంలో ఒక తెలుగు మాస్టారు కూడా ఉండాలి. జపాన్‌లో 1987లో మొదలైన జెట్ కార్యక్రమం కింద విదేశాల నుంచి వచ్చిన సహాయ ఉపాధ్యాయులు, స్థానిక ఇంగ్లీషు టీచర్లతో కలిసి ఒకే తరగతిలో పాఠం చెబుతారు. ఇద్దరి దృష్టి రెండు భాషల వైపు నుంచి ఒకే పాఠం మీద పడడం ఆ ఏర్పాటులోని మేలు. మనకు ఆ రెండో దృష్టి తెలుగు మాస్టారి దగ్గర ఉంది. "డిడ్ యూ వెంట్" ఎందుకు వస్తుందో మాకు స్పష్టంగా చెప్పింది ఆయనే. తెలుగులో "వెళ్లావా?" అన్నప్పుడు గతకాలం క్రియలోనే ఉంటుంది, చివర 'ఆ' చేరిస్తే ప్రశ్న అయిపోతుంది, క్రియ మారదు. జపనీస్‌లోనూ "ఇకిమాషితా" అంటే వెళ్లారు, దానికి 'కా' చేరిస్తే వెళ్లారా అనే ప్రశ్న. ఇంగ్లీషులో మాత్రం ప్రశ్న వేసేటప్పుడు గతకాలం క్రియను వదిలి ముందున్న 'డిడ్' మీదికి వెళ్తుంది. పిల్లవాడు గతకాలాన్ని రెండుచోట్లా ఉంచుతున్నాడంటే నిర్లక్ష్యం వల్ల కాదు, తన భాష నేర్పిన తర్కం వల్ల.

తరువాతి దశ పాఠాన్ని కలిసి తయారు చేయడం, అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసింది దీనికే. కనీసం మూడు సాయంత్రాలు, ఒక్కొక్కటి గంటన్నర చొప్పున కూర్చోవాలి. మొదటి సాయంత్రాన్ని పాఠ్యపుస్తకానికే కేటాయించండి. జపాన్‌లో దీన్ని 'క్యోజాయ్ కెంక్యూ', అంటే బోధన సామగ్రిని అధ్యయనం చేయడం అంటారు. ఈ అంశం కింది తరగతిలో ఎక్కడ వచ్చింది, పై తరగతిలో ఎక్కడికి పోతుంది, పుస్తకంలోని అభ్యాసం పిల్లలను నిజంగా ఏం చేయమంటోంది అని పేజీలు తిప్పుతూ మాట్లాడుకోవాలి. రెండో సాయంత్రం లెసన్ ప్లాన్ రాయాలి. మనం మామూలుగా రాసే ప్లాన్‌లో టీచరు చేసే పనులే ఉంటాయి. జపాన్ ప్లాన్ కాగితంలో సాధారణంగా నాలుగు నిలువు గళ్లుంటాయి. ఒకదానిలో టీచరు అడిగే ప్రశ్న, రెండోదానిలో పిల్లలు ఇవ్వగల సమాధానాలు తప్పులతో సహా, మూడోదానిలో ఆ సమాధానాలకు టీచరు స్పందన, నాలుగోదానిలో పరిశీలకులు గమనించవలసిన అంశం రాస్తారు. రెండో గడి నింపడమే అసలు వర్క్‌షాప్. ఏడుగురు ఉపాధ్యాయులు కూర్చుని "ఇక్కడ పిల్లవాడు ఏమంటాడు?" అని ఊహిస్తున్నప్పుడు, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవారి దగ్గర నుంచి బయటికి వచ్చే విషయాలు ఏ పుస్తకంలోనూ దొరకవు.

మూడో సాయంత్రం నల్లబల్ల కోసం. పీరియడ్ అయ్యేసరికి బల్ల మీద ఏముండాలో ముందే కాగితం మీద గీసుకోవాలి. జపాన్ టీచర్లు పాఠం మధ్యలో బల్ల తుడవడానికి ఇష్టపడరు. ఎడమ నుంచి కుడికి పాఠం మొత్తం ఒక కథలాగా నిలిచి ఉండాలని చూస్తారు, ఈ పనికి వాళ్లు 'బన్షో' అని పేరే పెట్టుకున్నారు. మధ్యలో అర్థం కాని పిల్లవాడు బల్లకేసి చూసి వెనక్కి వెళ్లగలిగేది అలాంటి బల్ల ఉన్నప్పుడే. పాఠం చివర దాన్ని ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకోండి. పిల్లల ముఖాలు మాత్రం ఫోటోల్లో పడనివ్వవద్దు, పడినవాటిని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు.

అనుమతులు, తేదీల విషయం త్వరగా చెబుతాను. పిల్లలుండాలి కాబట్టి పనిదినమే కావాలి. పాఠం చెప్పే బడి హెచ్‌ఎం గారికి, మండల విద్యాశాఖాధికారికి ఒక పేజీ లేఖ రెండు వారాల ముందు ఇవ్వండి. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశం జరిగే రోజుకు దీన్ని జతచేయగలిగితే సెలవు సమస్య తగ్గుతుంది. జూన్‌లో బడులు తెరిచాక పిల్లలు కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది కనుక జులై చివర, ఆగస్టు మంచివి. అక్టోబరు, నవంబరు నెలలు మన తీరానికి తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన తరువాత ఎన్నో బడుల పైకప్పులు, రోజువారీ తరగతులు ఏమయ్యాయో ఇక్కడివారెవరికీ మళ్లీ చెప్పనక్కరలేదు. సంక్రాంతి సెలవులయ్యాక జనవరి చివరి వారం మరో మంచి అదను. ఖర్చు జిరాక్సులకు, టీకి, భోజనానికి మించకూడదు. ఫ్లెక్సీ, శాలువాలు, మెమెంటోలు వద్దనే నా గట్టి అభ్యర్థన, ఎందుకంటే అవి వచ్చిన మరుక్షణం పాఠం పక్కకు పోయి సభ మొదలవుతుంది.

పరిశీలన రోజున చూసేవారు పాటించవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. పిల్లలకు సహాయం చేయకూడదు, కళ్లతో కూడా సమాధానం అందించకూడదు. వెనక వరుసగా కుర్చీలు వేసుకుని కూర్చుంటే పిల్లల వీపులు మాత్రమే కనిపిస్తాయి కనుక పక్క గోడల వెంబడి నిలబడాలి. ఒక్కొక్కరు ఇద్దరు లేక ముగ్గురు పిల్లలనే మొదటి నుంచి చివరి దాకా చూడాలి, ఎవరు ఎవరిని చూడాలో సీటింగ్ పటం మీద ముందే గుర్తు పెట్టుకోవాలి. కాగితం మీద ఎడమ పక్క సమయం, కుడి పక్క పిల్లలు అన్న మాట ఉన్నదున్నట్టు రాయాలి. 'బాగా పాల్గొంది', 'శ్రద్ధ లేదు' లాంటి తీర్పులు రాయకూడదు.

ఈ నియమాల విలువ మాకు పెందుర్తి వైపు ఒక హైస్కూల్లో తెలిసింది. పాఠం చెప్పిన టీచరు "వేర్ డిడ్ యూ గో ఎస్టర్డే?" అని బల్ల మీద రాసి, పిల్లలను జంటలుగా మాట్లాడుకోమన్నారు. గదంతా సందడి, సింహాచలం, బీచ్, మేనమామ ఇల్లు అన్నీ వినిపిస్తున్నాయి, టీచరు ముఖంలో సంతోషం. మూడో బెంచీలో ఒక పాపను చూస్తున్న పరిశీలకురాలి కాగితంలో మాత్రం ఇలా ఉంది: 11.14కి బల్ల మీది వాక్యం చూసి 'గో' అని రాసింది. 11.15కి రబ్బరుతో చెరిపేసి 'వెంట్' అని రాసింది. పక్కమ్మాయి "అక్కడ గో అని ఉంది కదే" అంటే, "నిన్న కదా!" అంది. 11.17, 11.19, 11.21లలో "డిడ్ యూ వెంట్ టు బీచ్?" అని ముగ్గురిని అడిగింది. ముగ్గురూ "ఎస్, ఐ వెంట్" అన్నారు. ఆ పాప బల్ల చూడక తప్పు చేయలేదు, చూసి, ఆలోచించి, సరైనదాన్ని దిద్దుకుని తప్పు చేసింది. టీచరు ఉన్న చోటి నుంచి ఇది కనిపించే అవకాశమే లేదు.

చర్చ అదే రోజు జరగాలి, గంట నుంచి గంటంబావు వరకు సరిపోతుంది. క్రమం ముఖ్యం. పాఠం చెప్పిన వ్యక్తి ముందు మాట్లాడాలి. తాను అనుకున్నది ఏమిటి, జరిగింది ఏమిటి అని తన నోటితో తానే చెప్పుకుంటే, తరువాత ఎవరేమన్నా గాయం కాదు. ఆ తరువాత పరిశీలకులు తమ కాగితాల నుంచి చదవాలి. పాఠం ఏడుగురూ కలిసి తయారు చేసినది కాబట్టి "మీరు ఇక్కడ ఇలా అడగాల్సింది" అనకుండా "మన ప్రశ్న ఇక్కడ పని చేయలేదు" అనాలి. మన ప్రాంతంలో వయసులో పెద్దవారి ముందు చిన్నవారు నోరు విప్పడానికి సంకోచిస్తారు, ఇది నిజమైన ఇబ్బంది. అందుకే నిర్వహించే వ్యక్తి అందరికంటే సర్వీసు తక్కువ ఉన్నవారితో చదివించడం మొదలుపెట్టాలి. కాగితం మీద రాసుకున్నది చదవడమే కనుక వారికీ ధైర్యం వస్తుంది. చివరి పదిహేను నిమిషాలు బయటి నుంచి వచ్చిన అనుభవజ్ఞులవి. జపాన్‌లో ఈ పాత్రకు విశ్వవిద్యాలయ అధ్యాపకులను, విశ్రాంత ప్రధానోపాధ్యాయులను పిలుస్తారు. మనకు భీమునిపట్నంలోని డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) అధ్యాపకులు, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంగ్లీషు విభాగంవారు, పేరున్న విశ్రాంత ఇంగ్లీషు మాస్టార్లు ఉన్నారు. వారికి ప్లాన్ కాగితాన్ని వారం ముందే పంపండి, పాఠం మొదలు నుంచి గదిలో ఉండమని అడగండి. చర్చ సమయానికి మాత్రమే వచ్చి ప్రసంగించే ఏర్పాటు అయితే పిలవకపోవడమే మేలు.

చర్చలో తేలినదాన్ని పట్టుకుని పాఠాన్ని మార్చి, వారం లోపల రెండో సెక్షన్‌లో వేరొక టీచరు చెప్పాలి. మా బృందం చేసిన మార్పు చాలా చిన్నది. ఎర్ర కాగితం ముక్క మీద 'నిన్న' అని రాసి, "ఐ వెంట్ టు ద బీచ్" అనే వాక్యంలో 'వెంట్' మీద అంటించాం. ప్రశ్న చేయవలసి వచ్చినప్పుడు పిల్లవాడు స్వయంగా బల్ల దగ్గరికి వచ్చి, ఆ ముక్కను పీకి 'డిడ్' మీద అంటించాలి. ముక్క పోయిన చోట ఇక 'వెంట్' ఉండలేదు, 'గో' అయిపోవాలి. ఎర్ర ముక్క ఒక్కటే ఉంది, రెండుచోట్ల అంటించలేరు. రెండో పిల్లవాడు బల్ల దగ్గరికి వెళ్లేసరికే వెనక నుంచి "ఒరేయ్, నిన్న ఒక్కటేరా!" అని ఒకరు అరిచారు. వ్యాకరణ సూత్రాన్ని నేను ఇన్నేళ్లలో అంత క్లుప్తంగా చెప్పలేకపోయాను.

ఉచ్చారణ మీద పాఠం పెట్టుకునేవారికి ఒక అభ్యాసం. పిల్లల చేత మాటకు ఎన్ని ఊపులో అన్ని చప్పట్లు కొట్టించండి. 'డెస్కు' అంటూ రెండు కొడతారు. అరచేతిని నోటి ముందు పెట్టుకుని, చివరి 'క్' దగ్గర చిన్న గాలి తగిలి ఆగిపోవాలి, గొంతు మోగకూడదని చూపించండి. పరిశీలకులు ఎవరి చప్పట్లు ఏ మాట దగ్గర రెండు నుంచి ఒకటికి మారాయో రాసుకుంటే చర్చకు కావలసినంత సరుకు దొరుకుతుంది. జపనీస్‌లో ఉచ్చారణను రాసే 'కానా' లిపిలో ఒక్కో అక్షరం దాదాపు ఒక్కో ఊపు కాబట్టి అక్కడి పిల్లలకు ఈ లెక్క ఇంకా కష్టం.

పనిదినాల్లో కదలలేని ప్రైవేటు బడుల టీచర్లకు ఆదివారం పద్ధతి ఒకటి ఉంది. జపాన్‌లో 1970ల మధ్యలో మొదలైన జాల్ట్ అనే భాషోపాధ్యాయుల సంఘం నగరాలవారీ శాఖల ద్వారా ఇలాంటి సమావేశాలు జరుపుతుంది. తరగతి గదిలో పని చేసిన అభ్యాసాన్ని ఒకరు తెస్తారు, మిగిలినవారు విద్యార్థులుగా కూర్చుని దాన్ని చేసి చూస్తారు. మన దేశంలో 1969లో చెన్నైలో ఏర్పడిన ఎల్టాయ్ కూడా ఇంగ్లీషు టీచర్ల సంఘమే, సభ్యత్వం తీసుకోదగినది. ఆదివారం రెండు గంటలు చాలు. ఆర్టీసీ కాంప్లెక్సుకు నడిచి వెళ్లగలిగే దూరంలో, అంటే ద్వారకానగర్ చుట్టుపక్కల గది దొరికితే గాజువాక, భీమిలి, పెందుర్తి వైపుల నుంచి వచ్చేవారికి ఒకే బస్సు సరిపోతుంది. పిల్లలు ఉండరు కనుక ప్రతి ఒక్కరూ అయిదు నోట్‌బుక్‌లు లేక, పిల్లల పేర్లు వినిపించకుండా ఫోన్‌లో రికార్డు చేసిన మూడు నిమిషాల సంభాషణ తెచ్చి తీరాలనే నియమం పెట్టండి. జపాన్ నుంచి ఆన్‌లైన్‌లో జరిగే సమావేశాల్లో చేరదలచుకుంటే, వాళ్ల గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి ఎనిమిదికి మొదలయ్యేది మనకు సాయంత్రం నాలుగున్నరకు వస్తుంది.

జపాన్ నుంచి తీసుకోకూడనివీ ఉన్నాయి. అక్కడ 2009లో ఉపాధ్యాయ లైసెన్సుకు పదేళ్ల గడువు పెట్టి, పునరుద్ధరణ కోసం 30 గంటల కోర్సులు తప్పనిసరి చేశారు. అది ఉపాధ్యాయులకు భారమైందనే విమర్శల మధ్య 2022లో ఆ విధానాన్నే ఎత్తివేశారు. 2018లో జరిగిన అంతర్జాతీయ సర్వేలో జపాన్ మాధ్యమిక పాఠశాల టీచర్లు వారానికి సగటున 56 గంటలు పని చేస్తున్నట్టు తేలింది, పాల్గొన్న దేశాల్లో అదే అత్యధికం. 2020 నుంచి అయిదు, ఆరు తరగతుల్లో ఇంగ్లీషు పూర్తి స్థాయి సబ్జెక్టు అయ్యాక, అంతకుముందు ఇంగ్లీషు చెప్పే అలవాటు అంతగా లేని ప్రాథమిక టీచర్ల మీద ఆ బరువు ఇంకా పడింది. అందుచేత మన బృందం ఏడాదికి రెండు పాఠాలకు మించి పెట్టుకోకూడదు. హాజరు స్వచ్ఛందంగా ఉండాలి, సాయంత్రపు సమావేశం గంటన్నర దాటకూడదు, ఇంటికి వెళ్లి పసిపిల్లలను చూసుకోవలసినవారు ముందే లేచి వెళ్లగలగాలి.

చర్చ ముగిశాక లేచే ముందు ఒక పొడుగు నోట్‌బుక్‌లో నాలుగు విషయాలు రాసి ఉంచండి: ఎంచుకున్న ప్రశ్న, పిల్లలు అన్న మాటల్లో మనం ఊహించనివి, మార్చిన అంశం, మిగిలిపోయిన సందేహం. ప్లాన్ కాగితం, బల్ల ఫోటో ప్రింటు అందులోనే అంటించండి. బదిలీ అయి వెళ్లేవారు ఆ నోట్‌బుక్‌ను తమ వెంట తీసుకుపోకుండా బడిలోనే వదలాలి. మా నోట్‌బుక్‌లో చివరి పేజీలో మిగిలిన సందేహం ఇది: ఎర్ర ముక్కతో "డిడ్ యూ గో" కుదిరిన పిల్లలు, పది రోజుల తరువాత "ఐ డిడ్ నాట్ వెంట్" అని రాశారు. వచ్చే జులైలో పాఠం అక్కడి నుంచి మొదలవుతుంది, దాన్ని చెప్పడానికి ఎనిమిదో తరగతి టీచరు ఒప్పుకున్నారు.